కలశం కింద గిన్నె

పోయిన వారం అనసూయ చేత మణికట్టు దాకా బియ్యంలో చెయ్యి పెట్టించి, అలాగే వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అలాగే కూర్చుని ఉంది. చెయ్యి బయటికి తీయించే ముందు, ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

బెంగుళూరు మావళ్ళిలో అక్కయమ్మ ఇల్లు అంటే వెండి కొట్టు వాళ్ళ ఇల్లని ఎవరైనా చూపిస్తారు. నిన్న ఆ ఇంట్లో వరమహాలక్ష్మి వ్రతం జరిగింది. ఈ రోజు శనివారం, పొద్దున్నే కలశం కదిలించాలి. కలశానికి చీర కట్టడం, వెండి మొగం అమర్చడం, మర్నాడు అన్నీ విప్పి బియ్యం ఎత్తిపెట్టడం ఏటా అక్కయమ్మ తలుపు వేసుకుని ఒక్కతే చేసుకుంటుంది. కోడలిని కూడా గడప దగ్గరే నిలబెట్టే మనిషి. అలాంటిది రాత్రి స్నానాల బచ్చలింట్లో కాలు జారి కుడిచెయ్యి వాచిపోయింది. చేసేది లేక కోడలు అనసూయను పిలిచి, చీర విప్పి చెంబు దించమంది. బియ్యంలో మాత్రం చెయ్యి పెట్టొద్దని మరీ మరీ చెప్పింది. చెంబు దించేటప్పుడు పళ్ళెం ఒరిగింది, బియ్యం ఒలికిపోకుండా అనసూయ చెయ్యి అడ్డం పెట్టింది, వేళ్ళకు చల్లగా ఏదో గిన్నె అంచు తగిలి ఉలిక్కిపడింది.

ఆ పిల్ల ఎందుకు అంతగా ఉలిక్కిపడిందో తెలియాలంటే పుట్టింటి సంగతి చెప్పాలి. అనసూయ తండ్రి పిల్లప్ప నగర్తపేటలో వెండి పనివాడు. 1962లో, టిబెట్టు నుంచి మైసూరు పక్క బైలకుప్పెకు వచ్చి చేరినవాళ్ళలో ఒక మంగోలియా లామా ఉండేవాడు. వాళ్ళ రాజులైన ఖానుల కాలం నాటి వెండి గిన్నె ఒకటి ఆయన వెంట తెచ్చుకున్నాడు. పిడి కదులుతోందని, అతికి ఇమ్మని పిల్లప్ప చేతిలో పెట్టాడు. వారం పోయాక వస్తే గిన్నె లేదు. లామా పోలీసుల దగ్గరికి పోలేదు, ఒక్క మాట తిట్టలేదు. అరుగు మీద పొద్దు గూకేదాకా కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన అరవకపోయినా పేట అంతా అరిచింది. పిల్లప్పే కరిగించుకున్నాడని తీర్మానించేసింది. ఆనాటి నుంచి అతని పేరు గిన్నె పిల్లప్ప. బడిలో అనసూయ గిన్నె పిల్లప్ప బిడ్డ.

పదిహేడేళ్ళయింది. ఇప్పుడు ఆ లామా కళ్ళకు పొర తీయించుకోవడానికి బెంగుళూరు వచ్చి, ఊరికి పోయేముందు పిల్లప్పను చూసి పోతానని కబురు పెట్టాడు. అది ఈ సాయంత్రమే. పిల్లప్ప కూతురితో అన్న మాట పాత పాఠకులు మరిచిపోయి ఉండరు. "నేనే కరిగించినానని చెప్పేస్తానమ్మా. ఆయప్ప ఎదురుచూపు తీరిపోతాది." చెయ్యని దొంగతనాన్ని నెత్తిన వేసుకోవడానికి ఆ పెద్దాయన తయారై కూర్చున్నాడు. ఆ మాట తండ్రి నోటి నుంచి రాకముందే ఏదో ఒకటి చెయ్యాలని అనసూయ రెండు రాత్రులుగా నిద్రపోలేదు.

ఇక చెయ్యి తీయిద్దాం.

వేళ్ళకు తగిలినదాన్ని అనసూయ పైకి లాగింది. బియ్యం జలజలా రాలిపోయాయి. అరచేతిలో పట్టేంత వెడల్పు, లోతు తక్కువ, అంచు కొంచెం బయటికి తిరిగి ఉంది. కొంగుతో తుడిచి లోపలికి చూసింది. అడుగున ఆరు రేకుల పువ్వు, రేకుల సందుల్లో ఎక్కడో మిగిలిన పాత బంగారు పూత.

ఆ పువ్వు అనసూయకు తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తండ్రి కుంపటి పక్కన కూర్చుని, ఆ రేకుల మీద చూపుడువేలు తిప్పి తిప్పి చీవాట్లు తిన్నది. గిరాకీవాళ్ళ వెండితో ఆటలేమిటని నాయన గదిమాడు. మళ్ళీ ఆయనే దగ్గరికి పిలిచి, సింహంలాంటి యాళి మొగం చెక్కిన పిడి చూపించాడు. పిడి కింద ఉంగరం ఎందుకో తెలుసా, వాళ్ళు గుర్రం ఎక్కితే నడుముకు తగిలించుకునేదానికి అని చెప్పాడు. ఇప్పుడు చేతిలో ఉన్న గిన్నెకు పిడి లేదు. పిడి ఉండవలసిన చోట రెండు చిల్లులు, వాటి చుట్టూ నల్లబడిన పాత అతుకు ఉన్నాయి.

ఈ గిన్నె కోసం పేటలో ప్రతి ఇంటి అటకా వెతికించారు. పిల్లప్ప కుంపట్లో బూడిద కూడా జల్లెడ పట్టి చూశారు. అది ఇక్కడ, తను పెళ్ళయి వచ్చిన ఇంట్లో, ఏటా తను చేతులు జోడించి మొక్కిన అమ్మవారి కింద ఉంది.

"మే, బియ్యంలో చెయ్యి పెట్టొద్దని చెప్పితి కదా?"

గడపలో అక్కయమ్మ. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని నిలబడింది.

"అత్తా, ఇది ఏమి?"

"గిన్నె."

"గిన్నె అని తెలస్తానే ఉండాది. ఎవరిది?"

"అమ్మవారిది. లోపల పెట్టు."

"లామయ్యది ఇది. మా నాయన మొగాన పూసిన మసి ఇది. నీ పూజింట్లో ఎట్లా ఉండాది?"

అక్కయమ్మ లోపలికి వచ్చి తలుపు వేసింది. అంత పెద్ద గొంతు మనిషి, కోడలి మీద కేక వేస్తే వీధి చివర కొళాయి దగ్గర వినిపించే మనిషి, నోరు మెదపలేదు. అదే అనసూయను ఇంకా భయపెట్టింది. తెలియని మనిషైతే ఆశ్చర్యపోవాలి కదా. ఈమె మొగంలో ఆశ్చర్యం లేదు.

"మామే తీసినాడా?" అంది అనసూయ.

మామ వెంకటగిరియప్ప పోయి మూడేళ్ళయింది. పిల్లప్పకూ ఆయనకూ ఒకే గురువు దగ్గర పని నేర్చిన స్నేహం. పిల్లప్ప అరుగు ఖాళీ అయ్యాక ఆ గిరాకీ అంతా నడుచుకుంటూ వెంకటగిరియప్ప దగ్గరికి వచ్చింది. ఈ రోజు మావళ్ళి ఇల్లు, అవెన్యూ రోడ్డు కొట్టు, అన్నీ ఆ తరువాత వచ్చినవే. ఇంతకాలం అనసూయ నాయన నష్టాన్నీ ఈ ఇంటి కలిమినీ కలిపి చూడలేదు. ఇప్పుడు అవి వాటంతట అవే కలిసిపోయాయి.

"మా నాయన పేరు పోగొడితే ఆయప్ప గిరాకీ మీకు వస్తాదని..."

"నోరు మూయి!" అక్కయమ్మ చెయ్యెత్తింది. ఎత్తింది వాచిన చెయ్యి. "అబ్బా" అని అక్కడే కూలబడి, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుంది. "చచ్చిపోయినోని మీద వేయొద్దు. మా ఆయప్పకు ఈ గిన్నె ఉండేదే తెలీదు. కట్టెలో కాలేదాకా తెలీదు. ఈ గదిలోకి మొగోళ్ళను నేను రానిచ్చినానా?"

"అయితే నీకు తెలుసు."

అక్కయమ్మ తల దించుకుంది.

"తెలిసీ పెట్టుకున్నావు. మా నాయనను ఊరంతా దొంగా అంటా ఉంటే, నువ్వు దీని మీద చెంబు పెట్టి, చీర కట్టి, ఊరి ముత్తైదువులను పిలిచి తాంబూలాలు ఇస్తా ఉండావు. ఇది ఏమి గిన్నెనో తెలుసునా నీకు? గుర్రం పాలు పులియబెట్టి తాగే గిన్నె. వాళ్ళ రాజులకు అదే సారాయి. నడుముకు కట్టుకొని తిరిగి, దిగిన చోటంతా తాగిన గిన్నె. లామయ్యే మా నాయనతో చెప్పె."

ఈ ఒక్కటీ మాత్రం అక్కయమ్మకు తెలియదు. గోడకు ఆనించి ఉన్న అమ్మవారి వెండి మొగం వైపు చూసింది. నిన్న పెట్టిన ముక్కుపుడక, కాటుక కళ్ళు, అన్నీ అలాగే ఉన్నాయి.

"సారాయా?"

"సారాయే."

"అయ్యో నా తల్లీ! ఇన్నేండ్లూ నిన్ను కల్లుముంత మీద కూర్చోబెట్టినానా?"

అక్కయమ్మ ఎడమచేత్తో టపటపా చెంపలు వేసుకుంది. ఇంకో రోజైతే అనసూయ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తేది. ఈ రోజు నవ్వు రాలేదు. కోపమే వచ్చింది. తండ్రి బతుకు మట్టిపాలైతే చలించని మనిషి, సారాయి అనగానే చెంపలు వేసుకుంటోంది.

"ఇది తీసుకొని పోతా ఉండాను. సాయంత్రం లామయ్య చేతిలో పెడతా. ఎక్కడ దొరికిందో కూడా చెప్తా."

"అమ్మవారి కింద పెట్టింది తీయరాదు మే."

"ఎందుకు పెట్టినావు మరి?"

"దీని దోషం చల్లారుతాదని." అక్కయమ్మ గొంతు పూర్తిగా దిగిపోయింది. "ఒక్క ఏడు పెడదాం, చల్లారినాక తిరిగిచ్చేద్దాం అనుకొంటి. పై ఏడు తీద్దామంటే భయమాయె. కలశం కింద పెట్టినదాన్ని మారిస్తే ఇంటికి కీడు అంటారు కదా. ఆ పై ఏడు నీ మొగుడు పదో తరగతి పాసాయె. ఇంకెట్లా తీసేది? ఏటేటా తీద్దామనుకొనేది, ఏటేటా మళ్ళీ బియ్యం పోసేది."

పిల్లప్ప మెడకు ఉరి బిగించింది దొంగతనమూ కాదు, దురాశా కాదు. ఒకసారి పెట్టినదాన్ని కదిలించకూడదన్న భయం. అనసూయకు ఇది నమ్మబుద్ధి కాలేదు. కానీ ఈ అత్తను ఆరేళ్ళుగా చూస్తోంది. పాలు పొంగి ఒలికిన రోజున కొట్టు తెరవనివ్వని మనిషి.

ఆ ఆరేళ్ళు అనుకోగానే ఇంకొకటి తట్టింది. గిన్నె పిల్లప్ప బిడ్డను ఎవరూ చేసుకోరని పేట అంతా అనుకుంటున్నప్పుడు, అక్కయమ్మ తానే నడుచుకుంటూ వచ్చింది. పిల్లను మాత్రం ఇవ్వండి, ఇంకేమీ వద్దు అంది. ఆ రోజు పిల్లప్ప గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత పెద్ద మనసు ఉంటుందా అని అనసూయ ఆ అత్తను దేవతలా చూసింది.

"నన్ను ఈ ఇంటికి ఇందుకే తెచ్చుకుంటివా?"

అక్కయమ్మ కాదంటే బాగుండునని అనసూయ ఎదురుచూసింది.

"ఇందుకే తెచ్చుకొంటి. తెచ్చుకున్నాక ఇందుకు కాదు." పెద్దావిడ కళ్ళు నిండాయి. "నమ్మితే నమ్ము, లేకుంటే లేదు."

"అత్తా, ఒక్కటి చెప్పు. నీకు దీన్ని ఎవరు ఇచ్చిరి?"

"అడగొద్దు. అమ్మవారి ముందర మాట ఇచ్చినాను."

"కల్లుముంత మీద కూర్చోబెట్టిన అమ్మవారి ముందరనా?"

ఆ దెబ్బ తగిలింది. అక్కయమ్మ ఒలికిన బియ్యాన్ని వేళ్ళతో ఒకచోటికి జరుపుతూ కూర్చుంది. ఆ తరువాత తల ఎత్తకుండానే చెప్పింది.

"మీ అమ్మ."

"ఎవరు?"

"సొన్నమ్మ. మీ అమ్మే. కొంగులో చుట్టుకొని తెచ్చి, ఈ చేతుల్లో పెట్టిపోయె."

అనసూయ చేతిలోంచి గిన్నె జారి బియ్యంలో పడింది. అమ్మ? ఇంట్లో పస్తులున్న రోజుల్లో కూడా గిరాకీవాళ్ళ వెండిరజను చీపురుతో ఊడ్చి పొట్లం కట్టి తిరిగిచ్చేసే అమ్మ? నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు గిన్నె పెళ్ళాం అని మూతులు తిప్పుతుంటే తల వంచుకుని బిందె ఎత్తుకొచ్చిన అమ్మ? ఆమె ఒక్క మాట చెప్పి ఉంటే అన్నీ ఆగిపోయేవి కదా.

"అబద్ధం," అంది అనసూయ. "నీ తప్పు మా అమ్మ మీద వేస్తా ఉండావు."

అప్పుడే వీధి తలుపు కిర్రుమంది.

"వదినా! కలశం కదిలించినారా?"

సొన్నమ్మ గొంతు. ఏటా వ్రతం మర్నాటి శనివారం ఆమె ఈ ఇంటికి వస్తుంది. అనసూయ పెళ్ళికి ముందు నుంచీ వస్తోంది. కలశం కింది బియ్యం ఒక పిడికెడు కొంగున కట్టించుకుపోయి, పాయసం వండి పేటలో ఏదో ఒక పసిబిడ్డకు తినిపిస్తుంది. అమ్మకు భక్తి అనుకుంది అనసూయ, ఇంతకాలమూ.

సొన్నమ్మ మాట్లాడుతూనే లోపలికి వచ్చింది. "అనసూయా, బిరీన బయలుదేరమ్మా. లామయ్య పొద్దున్నే వచ్చేసినాడు, సాయంత్రం బస్సు లేదంట. నల్ల అద్దాలు పెట్టుకొని అరుగు మీదనే కూర్చోనుండాడు. మీ నాయన కాఫీ ఇచ్చి, బిడ్డ వచ్చినాకనే మాట చెప్తానని..."

అక్కడ ఆగిపోయింది. బియ్యంలో పడి ఉన్నదాన్ని చూసింది. తలుపు రెక్క పట్టుకుని మెల్లగా కిందికి జారి గడప మీద కూర్చుంది. ఏమిటది అని అడగలేదు. ఎవరు తీశారని అడగలేదు. అనసూయకు ఇక ఎవరినీ ఏమీ అడగనక్కరలేకపోయింది.

"నువ్వేనా అమ్మా?"

సొన్నమ్మ తల ఊపింది.

"ఎందుకు? ఎందుకమ్మా?"

"నీ తమ్ముడు."

తమ్ముడు. ఏడాది కూడా నిండలేదు. ఆ వారమే జ్వరం వచ్చి పోయాడు. గిన్నె పోయిన గలాటాలో ఆ బిడ్డ చావు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. అనసూయ కూడా ఆ రెండూ ఒకే వారంలో జరిగాయని ఎన్నడూ అనుకోలేదు.

"పాలు తాగడం మానేసినాడు," అంది సొన్నమ్మ. ఏడుపు లేదు, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఒక్కొక్క మాటా తీసి పెడుతోంది. "ఏమి పెట్టినా కక్కేసేవాడు. ఆ గిన్నెలో తాగితే నిండా నూరేండ్లు బతుకుతారని వాళ్ళ నమ్మకమంట, లామయ్య చెప్తే మీ నాయన నవ్వుతా ఇంట్లో చెప్పె. గిరాకీ వెండిలో మనము నీళ్ళు కూడా తాగరాదు, నీకు తెలుసు కదా, మన పనోళ్ళ ఇండ్లలో అదొక్కటి తప్పరాదు. నేను తప్పినాను. కడిగి, ఉగ్గు దాంట్లో కలిపి పెడితిని. రెండు గుటకలు తాగినాడు. తాగినాడని నేను ఎంత సంతోషపడితినో! తెల్లారేసరికి లేడు."

వీధిలో పూలమ్మే నంజమ్మ కేక వినిపించి ఆగింది.

"జ్వరంతో పోయినాడమ్మా. గిన్నెకేమి తెలుసు?" అంది అనసూయ.

"ఇప్పుడు నాకూ తెలుసు. అప్పుడు తెలీదు. అది ఇంట్లో ఉంటే నాకు ఊపిరాడలేదు. మీ నాయన మళ్ళీ దాన్ని కుంపటి దగ్గర పెట్టుకొని సుత్తితో తడతా ఉంటే వినలేనని... వదిన దగ్గరికి తెచ్చి పడేస్తిని. దీన్ని ఎక్కడన్నా చల్లగా పెట్టు, ఎవరికీ చెప్పొద్దు అంటిని. తప్పంతా నాది. వదినది కాదు."

అక్కయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అనసూయ గిన్నెను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, చివరికి గిన్నెనే అటూ ఇటూ తిప్పింది. రెండు చిల్లులు వేలికి తగిలాయి.

"పిడి ఏమాయె?"

సొన్నమ్మ కూతురి మొగంలోకి చూసింది. ఇంతవరకూ రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి.

"పిడి మీ నాయన చేతిలో ఉండె."

"ఏమి?"

"బిడ్డ పోయిన మూడో పొద్దు పిడి ఊడదీసి, అరుగు మీద కూర్చోని ఆకురాయితో రాకతా ఉన్నాడు. నేను గిన్నె కొంగులో చుట్టుకొని ఆయప్ప ముందర నుంచే నడిచిపోతిని. తల ఎత్తినాడు. నా మొగం చూసినాడు, కొంగు చూసినాడు. ఏడికి పోతా ఉండావని అడుగుతాడు, అడిగితే అంతా చెప్పేద్దామనుకొంటి. అడగలేదు. మళ్ళీ తల వంచుకొని పిడి రాకతా ఉండిపోయె. ఆ పొద్దు అడగలేదు. ఊరంతా దొంగా అన్నప్పుడూ అడగలేదు. ఈ పొద్దుటి దాకా అడగలేదు."

అనసూయ గోడకు ఆనుకుంది. నాయనకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. లామయ్య ఎదురుచూపు తీర్చడానికి కాదు ఆయన ఈ రోజు అబద్ధం చెప్పబోయేది. గిన్నె కరిగిపోయిందంటే ఇక దాన్ని ఎవరూ వెతకరు, వెతికేవాళ్ళు లేకపోతే సొన్నమ్మ కొంగు గురించి ఎవరూ అడగరు. రెండు రాత్రులు తను తండ్రిని కాపాడాలని మేలుకుంది. ఆ తండ్రి తల్లిని కాపాడుతున్నాడు. ఈ గిన్నెను తీసుకుపోయి లామయ్య ముందు పెడితే నాయన దాచుకున్నదంతా నలుగురి ముందూ చిందరవందర అవుతుంది. పెట్టకపోతే ఆయన దొంగగానే పోతాడు.

"లోపల పెట్టేయ్ మే," అంది అక్కయమ్మ బతిమాలుతూ. "బియ్యం పోసేద్దాం. మనం ముగ్గురమే కదా చూసింది. నోరు మూసుకొని సుమ్మనే ఉండిపోదాం."

అనసూయ ఆ మాటకు ఒక్క క్షణం లొంగింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కంటే ఎక్కువే. చెయ్యి బియ్యం వైపు వంగింది కూడా.

సొన్నమ్మ లేచి నిలబడింది. చెయ్యి చాచింది.

"ఇట్లియ్యి."

"ఏమి చేస్తావమ్మా?"

"ఇయ్యమ్మా."

అనసూయ ఇచ్చింది. సొన్నమ్మ దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుంది. కుడిచేత్తో కొంగు పట్టుకుంటే, చుట్టేస్తుందేమో అనుకుంది అనసూయ. సొన్నమ్మ కొంగు తీసి నడుములో దోపుకుంది. గిన్నె అలాగే, అందరికీ కనపడేలా, చేతిలో ఉంది. గడప దాటి, మెట్లు దిగి, వీధిలోకి నడిచింది.

ఎదురుగా బుట్ట దించుకుని కనకాంబరాలు మూరవేస్తున్న నంజమ్మ తల ఎత్తింది.

"ఏడికి పోతా ఉండావు సొన్నమ్మా? చేతిలో ఏమది?"

సొన్నమ్మ అక్కడే నిలబడిపోయింది. అడగవలసినవాడు అడగని మాట, పూలమ్మే మనిషి అడిగేసింది.

"మా ఇంటికి పోతా ఉండాను," అంది సొన్నమ్మ, వీధి చివరి కొళాయి దాకా వినిపించేంత గట్టిగా. "ఇది లామయ్య గిన్నె. ఎత్తుకొచ్చింది నేను. మా ఆయప్ప కాదు."

నంజమ్మ చేతిలోని పూలు బుట్టలో పడిపోయాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలి ఇటు తిరిగారు. సొన్నమ్మ అప్పటికే నడక అందుకుంది. అనసూయ చెప్పులు కూడా వేసుకోకుండా తల్లి వెనక పరిగెత్తింది. నగర్తపేట ఇంకా చాలా దూరం, దారి పొడుగునా అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ దారి చివర, అరుగు మీద, పిల్లప్ప చల్లారిన కాఫీ లోటాలు ముందు పెట్టుకుని, చెప్పవలసిన అబద్ధాన్ని లోపల్లోపల వల్లె వేసుకుంటున్నాడు. ఇంకా ఎంతసేపని కూర్చోబెడతామని, బిడ్డ రాకముందే లామయ్య వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.